లక్లావ్ పాపులిజం సిద్ధాంతం

పాపులిజాన్ని (ప్రజాకర్షక రాజకీయాన్ని) డిస్కోర్స్ సిద్ధాంతం ఆధారంగా విశ్లేషించినవారిలో ఎర్నెస్టో లక్లావ్ (1935 - 2014) ప్రముఖుడు. అర్జెంటీనాలో జన్మించిన ఈయన ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా పనిచేశాడు. 1985లో చాంటల్ మూఫ్‌తో కలిసి "హెజెమొనీ అండ్ సోషలిస్ట్ స్ట్రాటజీ" అనే గ్రంథాన్ని, 2005లో "ఆన్ పాపులిస్ట్ రీజన్" అనే గ్రంథాన్ని వెలువరించాడు. పాపులిజం ఒక నిర్దిష్ట భావజాలం కాదనీ, "ప్రజలు" అనే సమూహాన్ని నిర్మించే పద్ధతి అనీ ఈయన ప్రతిపాదించాడు.

సిద్ధాంతం

ఇక్కడ డిస్కోర్స్ అంటే ప్రసంగం మాత్రమే కాదు. మాటలు, చేతలు, సంస్థలు కలిసి సమాజంలో అర్థాన్ని ఏర్పరచే వ్యవస్థ అంతటికీ అది పేరు. లక్లావ్ విశ్లేషణ డిమాండుతో మొదలవుతుంది. ఒక పేటవారు మంచినీరు కోరినప్పుడు ప్రభుత్వం సమకూర్చితే విషయం అంతటితో ముగుస్తుంది. తిరస్కరిస్తే, ఇళ్ళకోసమో, వైద్యంకోసమో అడిగి భంగపడిన ఇతరులతో వారికి సంఘీభావం ఏర్పడవచ్చు. ఈ క్రమంలో మూడు అంశాలు ముఖ్యమైనవి.

* సమానతా శృంఖల: వేర్వేరు డిమాండ్లు, నెరవేరలేదన్న ఒక్క పోలికతో గొలుసుగా కలవడం.
* సరిహద్దు: సమాజం "ప్రజలు", "పాలకవర్గం" అనే రెండు శిబిరాలుగా చీలడం.
* శూన్య సూచకం: గొలుసు మొత్తానికి ప్రతీకగా నిలిచే పేరు లేదా నినాదం. ఎన్ని డిమాండ్లకు ప్రతీక అయితే దాని సొంత అర్థం అంతగా పలచబడుతుంది.

పరిశోధకులు ప్రసంగాలలో, నినాదాలలో, పత్రికలలో ఈ మూడింటినీ గుర్తించడానికి ప్రయత్నిస్తారు.

ఉదాహరణ

1946లో అర్జెంటీనా అధ్యక్షుడైన హువాన్ పెరోన్‌ను 1955లో సైన్యం పదవీచ్యుతుణ్ణి చేసింది. 1956 నాటి ఉత్తర్వు ఆయన పేరు ఉచ్చరించడాన్ని సైతం నిషేధించింది. ప్రవాసంలో ఉన్న పెరోన్ దేశంలోని అనుచరులకు ఉత్తరాలు, సందేశాలు పంపేవాడు. కార్మిక సంఘాలు, వామపక్ష యువకులు, మితవాద జాతీయవాదులు తమ తమ ఆశలను ఆ పేరులోనే చూసుకున్నారు. పెరోన్ తిరిగి రావాలన్న కోరిక వారందరినీ కలిపింది. 1973 జూన్ 20న ఆయన తిరిగివచ్చినప్పుడు స్వాగతం చెప్పడానికి ఎజైజా విమానాశ్రయం వద్ద చేరిన జనసమూహంలోని వామపక్ష పెరోనిస్టులపై మితవాద పెరోనిస్టులు కాల్పులు జరిపారు. పెరోన్ 1974 జూలై 1న మరణించాడు. దూరాన ఉన్నంతకాలం అందరినీ కలిపిన పేరు, అధికారానికి వచ్చి ఏదో ఒక పక్షాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఆ ఐక్యతను నిలుపలేకపోయిందని లక్లావ్ విశ్లేషణ వలన తెలుస్తుంది.

విమర్శ

వ్యవస్థలోని అంతర్గత లోపాన్ని పాపులిజం ఒక బయటి శత్రువుకు ఆపాదిస్తుందని స్లావోయ్ జిజెక్ 2006లో విమర్శించాడు. "ప్రజల"ను నిర్మించడమే మౌలిక మార్పు కోరే రాజకీయాల ప్రధాన కర్తవ్యమని లక్లావ్ అదే సంవత్సరం సమాధానమిచ్చాడు. "ప్రజలు" ఎలా ఏర్పడతారో ఈ సిద్ధాంతం వివరిస్తుందే గాని, అలా ఏర్పడినవాటిలో ప్రజాస్వామ్యానికి మేలు చేసేదేదో, కీడు చేసేదేదో తేల్చే కొలమానాన్ని ఇవ్వదన్నది మరొక విమర్శ.