దమనకుడు చెప్పిన నీతి

మన బడుల్లో కథ చదివించిన తరువాత అడిగే మొదటి ప్రశ్న, "ఈ కథలోని నీతి ఏమిటి?" అన్నది. ఈ ప్రశ్న వయస్సు తక్కువది కాదు. పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వెలువడి, తరాల తరబడి పాఠ్యగ్రంథమై నిలిచింది. సూరి మిత్రలాభం, మిత్రభేదం రచించగా, విగ్రహం, సంధి భాగాలను తరువాత కందుకూరి వీరేశలింగం తెలుగు చేశారు. పేరులోనే నీతి ఉన్న పుస్తకం కనుక, కథ అంటే నీతికి తొడిగిన చొక్కా అన్న భావం మనలో పాతుకుపోయింది.

కాని మిత్రభేదాన్ని ఒకసారి నిదానంగా చదివి చూడండి. పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకూ చెలిమి కుదురుతుంది. దానిని చెడగొట్టడానికి దమనకుడనే నక్క ఇద్దరి చెవుల్లోనూ కథలు పోస్తుంది. ఆ కథల్లోనూ నీతులున్నాయి, చక్కని నీతులే. అయితే చెబుతున్నది ఎవరు? ఎవరితో? ఏ లాభానికి? ఈ మూడు ప్రశ్నలు వేయనివాడు పింగళకుడే అవుతాడు, మిత్రుణ్ణి చంపుకొంటాడు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కథకుడి దృష్టికోణాన్ని బోధించడానికి ఇంతకంటే మంచి పాఠం వెతకనక్కరలేదు.

పాత్రకూ ఇతివృత్తానికీ ఉన్న ముడి కూడా ఇక్కడే విప్పవచ్చు. బండి లాగుతూ కూలిపోగా వర్తకుడు వదిలివెళ్ళిన ఎద్దు, అడవిలో పచ్చిక మేసి బలిసి రంకె వేస్తుంది. ఆ రంకెకు మృగరాజు జంకుతాడు. కథ కదలడం అక్కడే. పుంగనూరు పిల్లలను ఒక్క మాట అడగండి: ఆ ఎద్దు మూడడుగుల ఎత్తైనా దాటని మీ ఊరి పొట్టి జాతిదైతే కథ ఎలా నడిచేది? నేపథ్యమంటే ఏమిటో వారికి వేరే నిర్వచనం అవసరముండదు.

మదనపల్లె ప్రాంతం 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లానుండి వచ్చి చేరింది. పుంగనూరు జమీందారీ సీమ. కుప్పం తమిళ, కన్నడ దేశాల అంచు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ వెలసింది. ఇంటిలో ఒక నుడికారం, వీధిలో మరొకటి, పుస్తకంలో గ్రాంథికం వినే పిల్లవాడికి కథలోని పాత్ర తనలా మాట్లాడకపోవడమే మొదటి అడ్డంకి. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆ అడ్డంకిని కదిలించింది. ఈ జిల్లాలోనే పుట్టిన మధురాంతకం రాజారాం (1930-1999) బడిపంతులుగా పనిచేస్తూ, ఇక్కడి పల్లెలనూ రైతులనూ కథల్లోకి తెచ్చారు. ఆయన కథల సంపుటికి 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. నేపథ్యం కోసం యమునాతీరం దాకా పోనక్కరలేదని ఆ కథలు నిరూపించాయి.

మదనపల్లె చేరువలోని రిషివాలీ గ్రామీణ విద్యాకేంద్రం మరో దారి తొక్కింది. పాఠ్యపుస్తకానికి బదులు చిన్న చిన్న కార్డులు, ఎవరి వేగాన వారు ఎక్కే అభ్యసన నిచ్చెన. ఈ పద్ధతి ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినది. 1990లలో కర్ణాటకలో మొదలైన 'నలి-కలి'కీ, ఆ తరువాత తమిళనాడు బడులలో వచ్చిన కార్యాచరణ విధానానికీ ఇదే ప్రేరణ. పిల్లవాడు తానుగా చదివి, తానుగా ముందుకు సాగాలన్నది దాని సారం. ఆ మెట్లు ఎక్కి వచ్చినవాడికి మాధ్యమిక తరగతిలో మనం మళ్ళీ గైడు పుస్తకంలోని ఒక్క వాక్యపు నీతిని వల్లె వేయిస్తే, ఎక్కిన మెట్లన్నీ దించినట్లే.

నీతి అక్కరలేదని కాదు. ఆ ప్రశ్నను చివరన అడగమని మాత్రమే. ముందుగా ఎవరు చెప్పారు, ఎక్కడ జరిగింది, ఎవరికి ఏమి కావాలి, అడ్డుపడినదేమిటి అని అడగాలి. రేపు ఆ పిల్లల చెవిలో కథలు చెప్పడానికి దమనకులకు కొదవ ఉండదు. వారిని గుర్తుపట్టడం ఏడవ తరగతిలోనే నేర్పవచ్చు.