ఉదయగిరి సీమ: పెక్కండ్ర పూనిక

మా వరికుంటపాడు మెట్టసీమలోని ఊరు. ఉత్తరమున పామూరు, నైరుతిన ఉదయగిరి దుర్గము, పడమట సీతారామపురపు కొండలలో ఘటికసిద్ధేశ్వరము, వాయవ్యమున ఒక్క కొండను తొలిచి ఎనిమిది గుహాలయములుగా మలచిన భైరవకోన, ఆగ్నేయమున ఆత్మకూరు చేరువను అనుమసముద్రంపేటలో ఖాజా నాయబ్ రసూల్ దర్గా. ఇన్నింటి నడుమ పుట్టి పెరిగినవారికి యాత్రికుల రాకపోకలు కొత్త గావు. వచ్చినవారికి మన మేమి సమకూర్చితిమను ప్రశ్న మాత్రము నన్ను చిరకాలముగా వేధించుచున్నది.

వీనిలో చరిత్రకు పెన్నిధి ఉదయగిరి. మూడువేల అడుగులకు మించిన ఆ కొండపై గజపతుల పక్షమున తిరుమల రౌతురాయలు కావలియుండగా, 1513లో ముట్టడి నారంభించిన శ్రీకృష్ణదేవరాయలు సుమారు ఏడాదిన్నర కాలము కొండ క్రింద దండు విడిసి, 1514లో గాని దానిని వశపరచుకొనజాలకపోయెను. దుర్గమునందలి బాలకృష్ణ విగ్రహమును ఆయన విజయనగరమునకు గొనిపోయి, 1515లో దానికై ఆలయము కట్టించి ప్రతిష్ఠించెను. నేడు హంపిలో కృష్ణాలయమును చూచి ముగ్ధులగు వేలాది జనులలో, ఆ స్వామి మా కొండ దిగి వెళ్ళినవాడని యెఱిగినవారెందఱు? శిథిలమైన ఆ విగ్రహము మదరాసు మ్యూజియములో నున్నది. తరువాతి కాలమున గోలకొండవారి యేలుబడిలో కొండమీద మసీదులు వెలసినవి. ఒక్క గుట్టమీద ఇన్ని రాజ్యముల గుర్తులు నిలిచియుండుట సామాన్యము గాదు.

అయితే రాజులు కట్టిన కట్టడములను నిలిపిన చేతులు రాజులవే యనుకొనుట పొరపాటు. కాకతీయుల నాటి శాసనములను చూచినచో, ఉభయనానాదేశి పెక్కండ్రని, నకరమని పేరొందిన వర్తక సమూహములు ఒకచోట గూడి, పెరిక (బస్తా) ఒక్కింటికి ఇంతయని తమ సరకుపై తామే ఆయము విధించుకొని, దానిని దేవాలయముల దీపధూపములకు సమర్పించిన ఉదంతములు కానవచ్చును. గుడి వెలిగిన జనము వచ్చును, జనము వచ్చిన సంత సాగునని వారెఱుగుదురు. భక్తియు వ్యాపారమును వారి దృష్టిలో పరస్పర విరుద్ధములు గావు. నాకీ యేర్పాటు మిక్కిలి ఆదరణీయముగా తోచుచున్నది.

పడమటి దేశములవారు ఇట్టిదానినే ఇటీవల చట్టముగా మలచుకొనిరి. టొరాంటో నగరమున బ్లూర్ వెస్ట్ విలేజ్ అను వీధిలోని అంగళ్ళవారు, పెద్ద పెద్ద మాల్‌ల పోటీకి తాళలేక, తమ వీధి బాగునకు తామే రుసుము చెల్లింతుమని కోరి, 1970లో అందుకు చట్టబద్ధమైన హక్కు సాధించుకొనిరి. కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్ హోటళ్ళవారు 1989లో ఈ పద్ధతిని యాత్రికరంగమునకు వర్తింపజేసిరి. దాని కీలకమిది: అధిక సంఖ్యాకులు సమ్మతించినచో రుసుము అందఱకును వర్తించును, వసూలు ప్రభుత్వము చేయును, ఖర్చు మాత్రము చెల్లించినవారి సంఘమే, ఆ ప్రాంతమునకే చేయును. కొందఱు భారము మోయగా తక్కినవారు ఫలమనుభవించు అన్యాయమునకు ఇందు తావు లేదు. మన రాష్ట్రముననే మారేడుమిల్లి అడవులలో వలమూరు వన సంరక్షణ సమితి యాత్రికుల విడిదిని నడుపుచు చూపిన దారియు స్మరణీయమే.

మా సీమలో ఇట్టి పూనికయందు పాలుపంచుకొనదగినవారికి కొదువ లేదు. ఉదయగిరి దిలావర్‌భాయి వీధిలో నర్ది, బిక్కి, కలివి కొయ్యలతో చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కి భౌగోళిక సూచిక గుర్తింపు పొందిన పనివారున్నారు. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చి దినముల తరబడి నిలుచువారికి గదులిచ్చువారును, బస్టాండ్లలో టీ దుకాణములవారును, ఆటోలవారును, కార్తిక పౌర్ణమినాడు భైరవకోనలో పూలు, కొబ్బరికాయలు అమ్మువారును ఉన్నారు. వీరి బ్రతుకు యాత్రికునిపై ఆధారపడినది. ఆ యాత్రికునికి మంచినీరు, మరుగుదొడ్డి, దారి చూపు పలక, కొండ యెక్కించి కథ చెప్పగల యువకుడు, వీనిని సమకూర్చుట మాత్రము ఎవ్వరి పనియు గాకపోయినది.

దుర్గపు గోడల మరమ్మతు సర్కారు బాధ్యత. దానిని వర్తకుల నెత్తిన వేయుట నాకు సమ్మతము గాదు. పెద్ద లాడ్జికిని, బండిమీద ఇడ్లీలమ్ము అవ్వకును ఒకే చందా విధించుటయు ధర్మము గాదు. సామర్థ్యమును బట్టి భాగము నిర్ణయింపవలెను; నెలనెలా లెక్క పంచాయతీ గోడపై అంటింపవలెను; ఏ ఊరి సొమ్ము ఆ ఊరికే వినియోగింపవలెను. ఈ మూడును కుదిరినచో మావారు వెనుదీయరని నా దృఢవిశ్వాసము.

కావున లాడ్జీల యజమానులును, కొయ్యపని నేర్పరులును, హోటళ్ళ, ఆటోల వారును రానున్న కార్తికమునకు ముందే ఒకచోట కూర్చుండి, మొట్టమొదట భైరవకోన త్రోవలో త్రాగునీటి యేర్పాటుకు పూనుకొనవలెనని చేతులు జోడించి వేడుచున్నాను.