మూడు రోజుల తేడా

ఏ ఇంట్లోనైనా చూడండి, గట్టిగా పోట్లాడేవాళ్లు ఒకరుంటారు. వాళ్లకి వత్తాసు పలికేవాళ్లు ఒకరుంటారు. "పోనిద్దురూ, ఇక చాలు" అని సర్దిచెప్పే మనిషి ఇంకొకరు. ఆ మూడో మనిషి విలువ ఆవిడ పుట్టింటికి వెళ్లిన రోజునగాని తెలియదు!

మన ఒంట్లోనూ ఇదే కథ. రొమ్ము ఎముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. వయసు వచ్చేకొద్దీ కుంచించుకుపోతుంది. అందుకేనేమో, చాలాకాలం దాన్ని పనికిమాలినవాటి కిందే జమకట్టారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఆ గ్రంథి తీసేసి చూశాడు. కొన్ని వారాలకి అవి చిక్కి శల్యమై, రోగాలతో చచ్చిపోయాయి. పరాయి ఎలుక చర్మం అతికిస్తే కిమ్మనకుండా ఉంచుకున్నాయి. అంటే, పోట్లాడే కణాలు తయారయ్యేది అక్కడేనన్నమాట!

ఎముకల మూలుగలో పుట్టిన కణాలు థైమస్‌కి చేరి సి.డి.4, సి.డి.8 అని రెండు గుర్తులు తొడుక్కుంటాయి. తర్వాత ఒకటి వదిలెయ్యాలి. ఎనిమిది ఉంచుకున్నది రోగం సోకిన కణాలని చంపుతుంది. నాలుగు ఉంచుకున్నది తోటి కణాలకి సాయం చేస్తుంది. సొంత ఒంటిమీదే తిరగబడేవాటిలో చాలావాటిని థైమస్ అక్కడే అంతం చేస్తుంది.

మరి తప్పించుకుని బయటపడ్డవాటి మాటేమిటి?

1969లో జపాన్‌లో నిషిజుకా, సకాకురా అనే ఇద్దరు ఎలుక పిల్లలకి మూడో రోజున గ్రంథి తీశారు. ఆడ ఎలుకల అండాశయాలు నాశనమయ్యాయి. ఆ పని చేసింది వాటి సొంత కణాలేనని తర్వాత తేలింది! షిమోన్ సకగుచి వాటికి ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలు ఎక్కిస్తే ఆ అనర్థం ఆగింది. మూడో రోజుకి పోట్లాడేవి బయటికొచ్చేశాయి, సర్దిచెప్పేవి ఇంకా బయల్దేరలేదు. అదీ సంగతి.

1980లలో అలాంటి కణాలున్నాయంటే నమ్మడం మానేశారు చాలామంది. సకగుచి మాత్రం వదల్లేదు. 1995లో వాటిని గుర్తుపట్టి చూపించాడు. నాలుగో గుర్తు వాళ్లలోంచి చీలిన శాఖే అది! 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 అనే జన్యువును పట్టుకున్నారు. అది పాడైతే పసి మగపిల్లల్లో ఒళ్లే ఒంటికి శత్రువవుతుంది. ఈ కణాలని ఆ దారి పట్టించేది ఆ జన్యువేనని 2003లో రుజువైంది. 2025లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

జరిగిన పోట్లాటలైతే ఎవరైనా లెక్కపెడతారు. జరక్కుండా ఆగిపోయినవాటిని లెక్కపెట్టడానికి ఇన్నేళ్లు పట్టిందంటే, ఆశ్చర్యమేముంది చెప్పండి?