గొడ్డలి వదిలిన వేరు

సారంగాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో చెలక చదును చేయించుకున్న రైతును పలకరిస్తే "జేసీబీ పెట్టిచ్చిన" అంటాడు, కూలోళ్లను పెట్టిచ్చిన అన్నంత మామూలుగా. ఖర్చెంతయిందంటే ముందు గంటలు చెబుతాడు, ఆ తర్వాతే రూపాయలు. వాళ్ల తాతల నాడు ఈ పనికి లెక్క ఎండకాలాల్లో ఉండేది. ఒక ఎండకాలం పొదలు కొట్టేవారు, మరో ఎండకాలం మోళ్లు కాల్చేవారు, ఇంకో ఏడాదికి నాగలి సాఫీగా కదిలేది. ఎండకాలాల లెక్క గంటల్లోకి ఎలా దిగిందో తెలియాలంటే గొడ్డలి దగ్గర మొదలుపెట్టాలి.

జగిత్యాల నుంచి గోదావరి వైపు వెళ్తే సారంగాపూర్, ఆ పైన బీర్పూర్. గుట్టలు, వాటి మీద ఎండకాలంలో ఆకు రాల్చే అడవి, గుట్టల కింద చెరువులు. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి, మోదుగ ఇక్కడి చెట్లు. వీటిలో టేకుకు ఒక మొండి గుణం ఉంది. మొదలంటా నరికినా వేరు చావదు. తొలకరి పడగానే మోడు చుట్టూ పిలకలు లేస్తాయి, వాటిలో ఒకటి రెండు నిలిచి మళ్లీ చెట్టవుతాయి. గొడ్డలికి కాండం లొంగుతుంది కానీ వేరు లొంగదు. గడ్డపారతో ఒక పెద్ద మోడు పెకిలించాలంటే ఇద్దరు మనుషులు రోజంతా చెమటోడ్చాలి. అందుకే పాత రైతు మోళ్లను వదిలేసి వాటి చుట్టూ నాగలి తిప్పుకొనేవాడు. నాలుగేళ్లు చెలక బీడు పడితే అడవి తన జాగాలోకి తాను తిరిగి వచ్చేది.

నిజాం కాలపు అటవీ శాఖ కూడా ఈ గుణం మీదే లెక్క వేసుకుంది. అడవిని కూపులుగా విడగొట్టి, ఏటా ఒక కూపును వేలం వేసి, గుత్తేదారు నరికి తీసుకెళ్లాక పిలకలకు వదిలేసేవారు. కొన్ని దశాబ్దాలకు మళ్లీ అదే కూపు వంతు వచ్చేది. గుత్తేదారు యంత్రాంగమంతా మనుషులు, ఎడ్లబండ్లు, ఇద్దరు చెరో కొసా పట్టి లాగే రంపాలు. ఊరి జనం మాత్రం ఈ లెక్కకు బయట ఉండిపోయారు. రిజర్వు అడవి గీత దాటి పోడు కొట్టుకుంటే నేరమైంది. గోదావరికి అవతల జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం ప్రాణం పోవడానికి కారణమైన తగవు ఇదే. 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం గీతను ఇంకా గట్టిచేశాయి.

ఈలోపు లోకం వేరే దారిలో నడుస్తోంది. 1923లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో కమ్మింగ్స్ అనే రైతు, మెక్‌లియోడ్ అనే డ్రాఫ్ట్స్‌మన్ కలిసి ట్రాక్టరు ముందు ఇనుప రేకు బిగించారు. బుల్‌డోజర్ అలా పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం వదిలేసి పోయిన ట్రాక్టర్లతో మన దేశంలో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ ఏర్పడింది. మధ్య భారతంలో రెల్లుగడ్డి కమ్మేసిన నేలలను లోతుగా దున్ని సాగులోకి తేవడం దాని పని. యంత్రాలు కొనడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్లు అప్పిచ్చింది. రెల్లు వేరు చాలా లోతుకు దిగుతుంది, దాన్ని పెకిలించకపోతే గడ్డి చావదు. ప్రభుత్వం సొమ్ముతో ఆ యంత్రం నేల మీదికి దిగింది వేరు కోసమేనన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

మన వైపు పెద్ద ఎత్తున మట్టి కదలడం పోచంపాడుతో మొదలైంది. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టే శ్రీరాంసాగర్. 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ జగిత్యాల ప్రాంతం మీదుగానే సాగింది. కాలువ నీళ్లు వస్తాయనగానే ఎత్తుపల్లాల చెలకను మడి చేయాలన్న ఆశ పుట్టింది. ఎడ్లతో లాగే గొర్రుకు, దంతెకు సాధ్యం కాని పని అది. ట్రాక్టరుకు వెనక బ్లేడు తగిలించడం ఆ అవసరంలోంచే వచ్చింది. "బ్లేడు కొట్టించడం" అన్న మాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

అప్పటికి భూమి ఎవరిదన్న ప్రశ్న మరింత ముదిరింది. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం చరిత్రలో నిలిచిన ఘట్టాలు. దొరల చేతిలోని బంజర్లను పేదలు గొడ్డలి, నాగళ్లతో సాగులోకి తెచ్చుకున్న రోజులవి. మరో రెండేళ్లకే, 1980లో, అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని వేరే పనికి వాడకూడదంది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవి అన్న మాటకు నిఘంటువు అర్థమే వర్తిస్తుందని చెప్పి చట్టం పరిధిని పెంచింది. బీర్పూర్ దగ్గర రోళ్లవాగు ప్రాజెక్టును పెద్దది చేసే పనికి అటవీ అనుమతుల ముడి పడింది ఈ చట్టంతోనే.

ఆ చట్టానికి ఏడాది ముందు, 1979లో, హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఎస్కార్ట్స్‌తో కలిసి ఒక ఇంగ్లండు కంపెనీ కార్ఖానా పెట్టింది. 1945లో ఒక అద్దె గ్యారేజీలో వ్యవసాయ ట్రెయిలరు తయారుచేసి మొదలుపెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలే జేసీబీ. ముందు తోసే బకెట్టు, వెనక తవ్వే బకెట్టు ఒకే బండికి ఉండటం దాని ప్రత్యేకత. రోడ్డు మీద తన టైర్లతో తానే నడిచి వస్తుంది, కాబట్టి మోసుకొచ్చే లారీ అక్కర్లేదు. పల్లెను గెలిచింది ఈ సుళువే. గొలుసు చక్రాల పెద్ద యంత్రానికి మాత్రం ఫ్రెంచి కంపెనీ పోక్లైన్ పేరు అంటుకుంది. మన నోట్లో అది ప్రొక్లెయిన్ అయింది.

మోడు తీసే పనిని దగ్గర నిలబడి చూడాలి. ఆపరేటర్ ముందు బండిని మోడుకు వీపు పెట్టి ఆపుతాడు. వెనక కాళ్లు రెండూ నేలకు తన్ని, ఏడున్నర టన్నుల బండి కదలకుండా నిలబెడతాడు. వెనక బకెట్టుతో మోడుకు మూడు వైపులా కందకం తీస్తాడు. బకెట్టు పండ్లకు పక్కవేరు తగిలినప్పుడు ఇంజను గొంతు మారుతుంది, వేరు తెగిన చప్పుడు బండి మోతను మించి వినిపిస్తుంది. మూడు వైపులా వేర్లు తెగాక నాలుగో వైపు నుంచి లాగితే తల్లివేరుతో సహా మోడు పైకి లేస్తుంది. చెట్టు నిలబడే ఉంటే నరకనివ్వడు. చుట్టూ తవ్వి, ముందు బకెట్టును కాండం మీద వీలైనంత ఎత్తున ఆనించి తోస్తాడు. కాండమే సబ్బల్‌లా పనిచేసి వేరును పెల్లగిస్తుంది. ఇద్దరికి రోజు పట్టే పని నిమిషాల్లో అయిపోతుంది. సర్కారు తుమ్మ దగ్గరే చిక్కు: దాని ముల్లు టైరును దించుతుంది. ఆ పొదల్లోకి గొలుసు బండినే పంపుతారు.

ఈ పనికి కాలం యాసంగి కోతలకూ మృగశిర కార్తెకూ మధ్య కొద్ది వారాలే. ఫైనాన్సులో తెచ్చిన బండికి కిస్తీ మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. డ్రైవరు బత్తా, డీజిల్, పిన్నులు, బుష్షులు, పగిలే హోస్ పైపు, అన్నీ ఆ గంటల్లోంచే రావాలి. పనికి పిలవగానే అనుభవమున్న యజమాని అడిగే తొలి ప్రశ్న "పట్టా భూమేనా?" అన్నదే. అటవీ నేరంలో దొరికిన వాహనాన్ని జప్తు చేసే అధికారం 1967 చట్టం ఇచ్చింది. పట్టా భూమిలోనైనా చాలా రకాల చెట్లకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

యంత్రం పట్ల ప్రభుత్వాల తీరు కూడా ఒక దారిన లేదు. 2006లో తొలి విడతలోనే కరీంనగర్ జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ పథకం గుత్తేదారును వద్దంది, కూలీ చేయగల పనికి యంత్రాన్ని వాడొద్దంది. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలన్న లక్ష్యానికి యంత్రమే దిక్కయింది. ఆ పూడిక ఎక్కడిదో గుట్టల కింది రైతుకు చెప్పక్కర్లేదు. వేర్లు పోయిన వాలు మీది మట్టి ఏళ్ల తరబడి వానకు కొట్టుకొచ్చి చెరువులో పడింది. చదును చేసినప్పుడు పై మట్టి గట్టు కిందికి పోయి ఎర్రమొరం తేలిన చెలక పంటను పసుపుపచ్చగా చూపిస్తుంది. దాన్ని బాగుచేయడానికి రైతు మళ్లీ ట్రాక్టరు పెట్టుకొని చెరువు మట్టి తోలుకున్నాడు. పోయిన మట్టి తిరిగి రావడానికీ గంటల లెక్కే.

అడవిని పెంచే పనీ యంత్రం చేతికే వచ్చింది. 1975లో ఏర్పడ్డ అటవీ అభివృద్ధి సంస్థ జామాయిల్ తోటలు, 2015 నాటి హరితహారం గుంతలు, రిజర్వు చుట్టూ ఆక్రమణలు ఆపే కందకాలు ఆ కోవలోవే. అడవి తరఫున దిగిన ట్రాక్టరుకూ పోడు రైతుకూ నడుమ ఘర్షణ 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో అటవీ అధికారిపై దాడిదాకా వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో కొద్ది రోజుల్లోనే వంద ఎకరాల మేర చెట్లు నేలకూలాక సుప్రీంకోర్టు పనులు ఆపించింది. గొడ్డళ్లతో అయితే ఆ పని ముగిసేలోపు కోర్టు తలుపు ఎన్నిసార్లయినా తట్టవచ్చు.

గొడ్డలికి దయ లేదు, చేతకానితనం ఉంది. ఆ చేతకానితనమే వందేళ్లు టేకు వేరును కాపాడింది. ఇప్పుడు బకెట్టుకు అందని వేరంటూ లేదు కనుక ఏది ఉంచాలో మనిషే తేల్చుకోవాలి. కొందరు రైతులు గట్టు మీది ఇప్పను, వాలు మీది టేకు మోళ్లను చూపించి "వీటిని ముట్టకు" అంటారు. ఆపరేటర్‌కు అది కష్టమేం కాదు, రైతుకు కొంత గంటల ఖర్చు కూడా తగ్గుతుంది. కాకపోతే ఆ మాట మీటరు తిరగక ముందే చెప్పాలి.