ప్సికియాత్రికో: ఒక విశేషణం కథ

గుణదల కొండమీద లూర్దుమాత విగ్రహాన్ని 1924లో నెలకొల్పినవాడు ఆర్లాటి అనే ఇటలీ మతగురువు. ఫిబ్రవరి తిరునాళ్లలో మనసు చెదిరిన బిడ్డల చెయ్యిపట్టుకుని ఆ మెట్లెక్కే తల్లులను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. ఆ గురువుగారి భాషలో ఇలాంటివారిని ఏమంటారన్న కుతూహలం నన్ను నిఘంటువులదాకా తీసుకుపోయింది.

అక్కడ రెండు విశేషణాలున్నాయి. 'ప్సీకికో' మనసుకు సంబంధించినది. 'ప్సికియాత్రికో' మనోవైద్యానికి సంబంధించినది. మనసు, వైద్యుడు అనే రెండు గ్రీకు మాటలను కలిపి 1808లో రైల్ అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరే దీనికి మూలం. న్యాయంగా ఆస్పత్రికి, శాస్త్రానికి వాడవలసిన విశేషణమిది. వాడుకలో రోగికీ అంటుకుంది. మనం నవ్వనక్కరలేదు. 'మెంటల్' అనే ఇంగ్లీషు విశేషణాన్ని మనం ఏకంగా తిట్టు చేసుకున్నాం. 'ఎర్రగడ్డ' అనే ఊరిపేరుకూ అదే గతి పట్టించాం.

మాట మారిస్తే బతుకు మారుతుందా? ఇటలీలో 1904 నాటి చట్టం, తనకో ఇతరులకో ప్రమాదకరమైనవాణ్ణే కాదు, నలుగురిలో రచ్చకు కారణమైనవాణ్ణి కూడా పిచ్చాసుపత్రిలో బంధించమంది. నేరంచేసిన రోగులను ఉంచే పిచ్చాసుపత్రులకు 1975లో 'ప్సికియాత్రికో' చేర్చి మర్యాదైన పేరు పెట్టారు. వాటి మూసివేతకు తుదిగడువు 2015 మార్చి 31. అంటే బోర్డు మారిన నలభై ఏళ్లకు!

బజాలియా పని వేరు. 1961లో గొరీజియా పిచ్చాసుపత్రికి అధికారిగా వచ్చి, రోగులను కట్టివేసినట్టు రాసే పుస్తకంలో సంతకం పెట్టనన్నాడు. ఆయన ఉద్యమ ఫలితమైన 1978 మే 13 నాటి 180వ చట్టం కొత్త పిచ్చాసుపత్రులు కట్టడాన్నే నిషేధించింది. అయితే బయట వైద్యకేంద్రాలు ఏర్పడని ప్రాంతాల్లో భారమంతా కుటుంబాలమీద పడిందన్నదీ నిజమే. దాన్ని దాచి బజాలియాను పొగడడం నాకిష్టం లేదు.

మన సంగతి చూడండి. మద్రాసు ప్రభుత్వం విశాఖలో పిచ్చాసుపత్రి నడిపిన కాలంలో, 1912లో, తెల్లదొరలు చేసిన ఉన్మాదుల చట్టాన్ని స్వతంత్ర భారతం 1987 దాకా రద్దు చెయ్యలేదు. 2001లో తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర గుడిసెకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టివున్న 28 మంది కాలిపోయారు. గొలుసులను నిషేధించే చట్టం 2017లో గాని రాలేదు.

ఒక తిరునాళ్లలో, కొడుకు చేతిని తన కొంగుకు ముడివేసుకున్న తల్లి మెట్లమీద నా పక్కనే కూర్చుంది. "ఏమిటమ్మా అబ్బాయికి?" అన్నాను. "మనసు బాగుండదు బాబూ" అంది. కాసేపాగి, పెద్దాసుపత్రిలో ఆ డాక్టరు ఏయే రోజుల్లో చూస్తారని అడిగింది.