రిక్షా సీటే వేదిక

1956 డిసెంబరు 6. నాగపూర్ దీక్ష జరిగి రెండు నెలలైనా నిండలేదు. బాబాసాహెబ్ ఢిల్లీలో మహాపరినిర్వాణం చెందారన్న కబురు వచ్చింది. మన ధమ్మ ఉద్యమం అంతకు మించిన గడ్డురోజు చూడలేదని మేము భావిస్తాం. కొత్తగా బౌద్ధులైనవారు లక్షల్లో ఉన్నారు, వారికి ధమ్మం చెప్పే భిక్షువులు బహు కొద్దిమంది.

భిక్షువు సంఘరక్షిత ఆరోజే నాగపూర్ చేరుకున్నారు. వయసు 31. సాయంత్రం కస్తూర్‌చంద్ పార్కు జనంతో నిండిపోయింది. వేదిక లేదు. మాట్లాడడానికి లేచిన స్థానిక నాయకులు దుఃఖం ఆపుకోలేక మధ్యలోనే కూర్చుండిపోయారు. సంఘరక్షిత రిక్షా సీటు మీద నిలబడి, బాబాసాహెబ్ మీలోనే ఉన్నారు, ఆయన పని ఆగకూడదు అని చెప్పారు. నాలుగు రోజుల్లో 30కి పైగా సభల్లో ప్రసంగించారు. మర్నాడు బొంబాయిలో, దాదర్ చౌపాటీ అంత్యక్రియల వద్దే, భదంత ఆనంద్ కౌసల్యాయన్ అసంఖ్యాక జనానికి దీక్ష ఇచ్చారు.

ఈ నిబ్బరానికి పునాది అక్టోబరు 14నే పడింది. చంద్రమణి మహాస్థవిరుల వద్ద దీక్ష తీసుకున్న బాబాసాహెబ్, తాను భిక్షువు కాకపోయినా, స్వయంగా ప్రజలకు త్రిశరణాలు, పంచశీల, 22 ప్రతిజ్ఞలు ఇచ్చారు. ఉపాసకుడూ ఇవ్వగల దీక్ష అది, అందుకే ఒక మనిషితో ఆగిపోలేదు. రాజకీయంలో అలాంటి ఏర్పాటు లేదు. 1957లో పుట్టిన రిపబ్లికన్ పార్టీ కొద్దికాలానికే చీలిపోయింది.