తార్నాక పరిశోధనశాల – పల్లె అంగన్‌వాడీ

మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల నడవడిని గురించి మన పెద్దలు అంటూ ఉంటారు. బుద్ధికి చెప్పిన ఈ మాట శరీరానికి కూడా వర్తిస్తుందా? తల్లి కడుపులో ఉన్న నెలల్లోను, పుట్టిన తరువాత మొదటి అయిదారేండ్లలోను బిడ్డకు అందిన తిండి, ఆ బిడ్డ పెద్దయిన తరువాత గుండెకు, రక్తనాళాలకు మేలు చేస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు వెదికిన కృషిలో మన హైదరాబాదుకు, దాని చుట్టుపట్ల పల్లెలకు గౌరవప్రదమైన స్థానం ఉంది. ప్రవాసంలో ఉన్న తెలుగువారమైన మనం తప్పక తెలుసుకోదగిన కథ అది.

కథకు మొదలు నీలగిరి కొండల్లోని కూనూరులో ఉంది. 1918లో అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించాడు. ఆ చిన్న శాఖే క్రమంగా పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తార్నాకలో స్థిరపడింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది.

1960 ప్రాంతాల్లో డాక్టర్ సి. గోపాలన్ సారథ్యంలో ఆ సంస్థ ముందున్న పెద్ద సమస్య పసిపిల్లలది. కాళ్ళకు నీరు పట్టి, జుట్టు రంగు మారి, ఆటపాటలు మరచిన పిల్లలను తల్లులు ఆసుపత్రులకు ఎత్తుకొస్తూ ఉండేవారు. ఇది కేవలం మాంసకృత్తుల లోపమనీ, మాంసకృత్తులు దండిగా గల ప్రత్యేక ఆహారాలతోనే పోతుందనీ ఆనాడు ప్రపంచంలో చాలమంది నిపుణులు నమ్మారు. గోపాలన్, ఆయన సహచరులు పిల్లలు నిజంగా ఏమి తింటున్నారో, ఎంత తింటున్నారో లెక్కగట్టి చూశారు. ధాన్యం, పప్పు కలిసిన మామూలు తిండినే కడుపునిండా పెడితే చాలమంది పిల్లలకు మాంసకృత్తుల లోటు కూడా తీరుతుందనీ, అసలు కొరత తిండి పరిమాణంలోనే ఉందనీ తేల్చారు. ఈ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’లో ఉన్నవి కూడా గోధుమలు, శనగలు, వేరుశనగలు, బెల్లమే! పిల్లల కంటిచూపు కాపాడేందుకు ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదులో ఎ విటమిన్ ఇచ్చే పద్ధతి కూడా ఇక్కడి పరిశోధనల మూలంగానే 1970లో జాతీయ కార్యక్రమం అయింది.

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీలు వెలిశాయి. 1987–90 మధ్య సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదు సమీపంలోని 29 పల్లెలను పరిశీలనకు తీసుకున్నారు. వాటిలో 15 ఊళ్ళకు పథకం వచ్చింది. 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భవతులకు, ఆరేండ్లలోపు పిల్లలకు ప్రతిదినం ఉప్మా పెట్టేవారు. టీకాలు మొదలైన ఆరోగ్య సేవలు కూడా దానితోపాటు అందేవి. శిశువుల పుట్టుక బరువులో కనిపించిన తేడా స్వల్పమే. ఇంత శ్రమకు ఫలితం ఇంతేనా అని ఎవరైనా నిట్టూర్చి ఉండవచ్చు.

కాని కథ అక్కడితో ముగియలేదు. 2003–05లో పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళి, ఆనాటి పిల్లల్లో 1,165 మందిని పరీక్షించారు. అప్పటికి వారు 13 నుంచి 18 ఏండ్ల వయస్సువారు. పథకం అందిన ఊళ్ళవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. ఇన్సులిన్ వారి శరీరంలో మెరుగ్గా పనిచేస్తోంది; రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. రక్తపోటులోను, రక్తంలోని కొవ్వులోను మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ఊళ్ళను చీట్లు వేసి ఎంచలేదు గనుక ఈ ఫలితాలను జాగ్రత్తగానే గ్రహించాలి. 2008లో ఇవి ప్రచురితమైనాయి. తరువాత ఆ పిల్లల తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకొని, ఈ పని మొత్తం కుటుంబాల ఆరోగ్య పరిశీలనగా విస్తరించింది.

ఇందులో మనకు సంబంధించినదేమిటి? మధుమేహం, గుండెజబ్బు మనవారిని చిన్న వయస్సులోనే పట్టుకుంటున్నాయని ప్రవాసంలోని ప్రతి కుటుంబానికీ తెలుసు. ఆ జబ్బులకు వ్యాయామం, మితాహారం అవసరమే. వాటి వేళ్ళు కొంతవరకు తల్లి గర్భంలోను, పసితనంలోను ఉన్నాయని ఈ పల్లెలు సూచిస్తున్నాయి.

జన్మభూమికి మనం చేయూతనిచ్చేటప్పుడు గుడికి గోపురం, బడికి గది మన మనస్సుకు ముందు తోస్తాయి. అవి మంచి పనులే. అంగన్‌వాడీలో ఉడికే గిన్నెడు ఉప్మాపై దాత పేరు చెక్కించే వీలులేదు. అయినా దాని ఫలం పదిహేనేండ్ల తరువాత కూడా ఒక బిడ్డ రక్తనాళాల్లో కనిపించింది. మన సొంత ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి అంగన్‌వాడీ గడప కూడా ఒకసారి తొక్కుదాం. అక్కడి అమ్మలకు ఏమి కొరతగా ఉందో అడిగి తెలుసుకుందాం.